పెన్నేటి పాట, మన గుండ్లకమ్మ
(మార్కాపురం రైతు సభలో చేసిన ప్రసంగం)



విద్వాన్ విశ్వం 1915లో అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టారు. పత్రికా సంపాదకుడిగా పనిచేశారు. 1956లో వచ్చిన ఆయన కావ్యం ‘పెన్నేటి పాట’ రాయలసీమ కరువు కథ. అందులో నాయకుడు రాజు కాదు, రంగన్న. బాగా బతికిన రైతు బిడ్డ, కూలికి దిగాడు. భార్య గంగమ్మ. పెన్న ఎండితే వాళ్ల పొయ్యి ఏమవుతుందో విశ్వం చూపించారు.

ఆఫీసు కాగితాల్లో కరువంటే మిల్లీమీటర్లు, శాతాలు. కవి లెక్క వేరు. ఎవరింట్లో గింజలు నిండుకున్నాయో ఆయన చూశాడు.

మన గుండ్లకమ్మా అంతే. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపాల్సిన ఏరు. బోరు వేస్తే నీళ్లు పడవు, పడితే చాలా ఊళ్లలో ఫ్లోరైడు. వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో సొరంగాలు ప్రారంభించేనాటికి కూడా ముంపు గ్రామాల పునరావాసం పూర్తికాలేదు.

అందుకే ఈసారి వినతిపత్రంలో ఎకరాల లెక్కతో పాటు ఇంటింటి కథ రాద్దాం. ఎన్ని బోర్లు ఎండాయి, ఎంత అప్పయింది, ఎవరు వలసపోయారు? రాయడం రానివాళ్లు చెప్పండి, పిల్లల చేత రాయిద్దాం. మన ఊళ్ల రంగన్నలు, గంగమ్మలు కూడా సర్కారు లెక్కలోకి రావాలి.