చోటు చాలని కళ్ళము



లినక్స్ అను పేరును మీలో పలువురు మనుమల నోట వినియుందురు. 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దాని నారంభించెను. కంప్యూటరులోని డిస్కుతో పనిలేకయే పెన్‌డ్రైవునుండి నడచు లినక్స్ ప్రతికి లైవ్ ఇమేజి యని పేరు. మా యూరి పాఠశాలలో డిస్కులు చెడి మూలబడిన కంప్యూటర్లకై, తెలుఁగు లిపియు పాఠ్యగ్రంథములును చేర్చి, డెబియన్ వారి లైవ్-బిల్డ్ సాధనముతో అట్టి ఇమేజి నొకదానిని కట్టఁబూనితిని. గంటకు పైగా నడచిన పని తుదిమెట్టున ఆగిపోయెను. చోటు లేదను పంక్తి యొకటి తెరపై కనఁబడెను.

తయారగు ఇమేజి 2 గిగాబైట్లే. డిస్కులో 10 ఖాళీగా నున్నవి. లోటేమని మీ రడుగవచ్చును. వ్యవసాయము చేసిన మీకు దీని మర్మము సులభముగనే తెలియును. గాదెకు వలయు చోటు వేఱు, కళ్ళమునకు వలయు చోటు వేఱు. ధాన్యము గాదె కెక్కువఱకు కుప్పయు, గడ్డియు, రాశియు నొక్క కళ్ళముననే యుండవలెను గదా! ఇచటను అట్లే. దిగుమతియైన ప్యాకేజీలు సుమారు 1.5 గిగాబైట్లు, వానిని విప్పి నెలకొల్పిన వ్యవస్థ 6, దానిని బిగించి కట్టిన స్క్వాష్‌ఎఫ్‌ఎస్ మూట 2, ఆ మూట నిముడ్చుకొను ఐఎస్ఓ మఱి 2. వెరసి 11.5. పని ముగియువఱకు ఇందేదియు తొలఁగదు.

తెలుఁగు అక్షరరూపములను తీసివేయుమని యొక మిత్రుఁడు సలహా యిచ్చెను. అవి కొలఁది మెగాబైట్లే. అవి లేనిచో మా పిల్లలకు ఆ యంత్రముతో పని యేమి? ఆటలను, పరభాషల సహాయపుటలను తీసివేసితిని. తరువాత 40 గిగాబైట్లు ఖాళీగల వేఱొక డిస్కునకు పనిని మార్చితిని. ఆ డిస్కు ఈఎక్స్‌టీ4 వంటి లినక్స్ పద్ధతిది కావలెను. పెన్‌డ్రైవులలో సామాన్యమైన ఫ్యాట్ పద్ధతిలో లినక్స్ ఫైళ్ళ యాజమాన్యము, అనుమతులు నిలువవు.

ఒక్కొకప్పుడు చోటుండియు లేదను మాట వచ్చును. ఈఎక్స్‌టీ4 డిస్కులో ఎన్ని ఫైళ్ళు పట్టునో ఐనోడుల లెక్క మొదటనే నిర్ణయమగును. చిన్న ఫైళ్ళు లక్షలైనచో అవి ముందుగా తీరును. డీఎఫ్ ఆజ్ఞకు ఐ అక్షరమును చేర్చి చూడవలెను.

రెండవమాఱు ఇమేజి పూర్తియైనది. పిల్లలు వ్రాసినది యంత్రమాపిన చెరిగిపోకుండుటకై పెన్‌డ్రైవులో పెర్సిస్టెన్స్ అను భాగమును వేఱుగా నుంచితిని. దానికిని చోటు మిగిల్చితిని.