పడవలో బ్యాటరీ ఎక్కడ ఉండాలి?

హైదరాబాద్‌లోని కాచిగూడకూ తార్నాకకూ సముద్రం చాలా దూరం. అయినా ఈ నగరంలోని ఇన్‌కాయిస్ సంస్థే, ఉపగ్రహ సమాచారాన్ని బట్టి, చేపలు దొరికే చోట్లను తీరంలోని మత్స్యకారులకు చెబుతోంది. ఆ చోటికి చేరడానికి జీపీఎస్ కావాలి, రాత్రి వేటకు దీపాలు కావాలి. వీటన్నిటికీ బ్యాటరీ కావాలి.

చిన్న ఫైబర్ బోటులో ఇంజను, నడిపే మనిషి, ఇంధనం ఎక్కువగా వెనుకే, అంటే అమరం వైపే ఉంటాయి. బ్యాటరీలనూ అక్కడే పెడితే వెనుక కుంగి, అణియం పైకి లేస్తుంది. ఎదుటి అల సరిగా కనిపించదు. గాలి పడవ ముక్కును పక్కకు తోస్తుంది.

లెక్క చూడండి. మొత్తం 1000 కిలోల బరువున్న పడవలో, 25 కిలోల బ్యాటరీలు రెండింటిని 2 మీటర్లు ముందుకు జరిపితే గరిమనాభి 10 సెంటీమీటర్లు ముందుకొస్తుంది. చిన్న పడవకు ఇది పెద్ద తేడాయే. అలాగని అణియం చివరికి నెట్టకండి, అక్కడ కుదుపులు ఎక్కువ. నడిమి భాగంలో, వీలైనంత కిందుగా, నీరు నిలవని చోట బిగించాలి.

బ్యాటరీని ముందుకు జరిపితే తీగ పొడవు పెరిగి వోల్టేజీ తగ్గుతుంది, కాబట్టి మందమైన తీగ వాడాలి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. లెడ్-యాసిడ్ బ్యాటరీ నుంచి ఛార్జింగప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది, అక్కడ గాలి ఆడాలి. ప్రాణాల సంగతి, ఇందులో పొదుపు వద్దు.

బ్యాటరీ బిగించడానికి రంధ్రాలు వేసేముందు అంతే బరువున్న ఇసుక బస్తాలను ఆ చోట పెట్టి, ఒడ్డు దగ్గరే నడిపి చూడండి. ఖాళీ పడవతో ఒకసారి, వల, మనుషులు, మంచుపెట్టెలు ఎక్కించి మరోసారి.