ఇంటి భాషకు విద్యాపీఠము



నేను వర్తకుడను, మెట్రిక్ దాటి చదివినవాడను కాను. అయినను యూదుల ఆధునిక సాహిత్యచరిత్రనుండి సిరొంచ తెలుగువారు గ్రహింపదగిన విషయ మొకటి కలదని మనవి చేయుచున్నాను.

తూర్పు యూరపు యూదులకు శాస్త్రభాష హీబ్రూ. ఇంటను, అంగడిలోను పలుకునది యిద్దిష్. దానిని సంకరభాష యని వారి విద్యావంతులే ఈసడించిరి. కాని షోలెం అలైఖెం వంటివారు ఉత్తమ కథలు వ్రాసినది ఆ భాషలోనే.

1925లో యెరూషలేమున హీబ్రూ విశ్వవిద్యాలయము ప్రారంభమైనది. 1927లో అచట యిద్దిష్ పీఠము నెలకొల్పుటకు దాత ముందుకు రాగా, హీబ్రూ పక్షపాతులు తీవ్రముగా ప్రతిఘటించిరి. 1951లో గాని అది ఏర్పడలేదు. ఈలోగా నాజీలు సుమారు 60 లక్షల యూదులను చంపిరి. వారిలో అధికసంఖ్యాకులు యిద్దిష్ పలుకువారే! 1978లో యిద్దిష్ రచయిత ఐజాక్ బాషెవిస్ సింగరుకు నోబెల్ బహుమానము లభించెను. అప్పటికి చదువరులెందరు మిగిలిరి?

ప్రాణహిత యీవలి యొడ్డున మన తెలుగు మరాఠీ, గోండీల సాంగత్యమున పెరిగినది. మరాఠీ మనకు జీవనాధారము. దానితో పోటీ లేదు. అట్లని ఇంటి పలుకును మనమే కలగాపులగమని చిన్నచూపు చూడరాదు.

2011లో గడ్చిరోలిలో గోండ్వానా విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఈ సరిహద్దు తెలుగు నచట పరిశోధింపుడని కోరుదము. కాని వట్టిచేతులతో పోరాదు. వృద్ధుల పాటలు, సామెతలు, మన అంగళ్ళ పాత చిట్టాలలోని మాటలు వ్రాసి తీసికొనిపోవుదము. పలుకువారు సజీవులై యుండగనే భాషకు పీఠము వేయవలెను.