తోడు పరుగు

(డర్బన్‌లో జరిగిన సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సంవత్సరం భాష గురించి కాకుండా మరేదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నాకు తెలిసినవి రెండే. ఒకటి బడి, రెండవది పరుగు. బడి సంగతులు మీలో చాలామంది నా దగ్గర విన్నారు. కొందరు బెంచీ మీద నిలబడి కూడా విన్నారు. అందుచేత ఈనాడు పరుగు గురించి చెబుతాను. మన వూరి పరుగు, కామ్రేడ్స్ మారథాన్. నాది సాయంకాలపు తరగతిలో నేర్చిన తెలుగు. ఎక్కడైనా తడబడితే పెద్దలు అందించండి.

“పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు” అని మా అవ్వ అనేది. ఆమె ఈ పరుగు చూసివుంటే ఏమనేదో తెలియదు. ఇక్కడ పన్నెండు గంటలు పరుగెత్తి, చివరకు తాగేది నీళ్ళే.

మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకార్థం విక్ క్లాఫమ్ అనే ఆయన ఈ పరుగును ప్రారంభించాడు. 1921 మే 24న పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి 34 మంది బయలుదేరారు. డర్బన్ చేరినవారు 16 మంది. మొదటివాడు బిల్ రోవన్. ఆయనకు తొమ్మిది గంటలకు ఒక్క నిమిషం తక్కువ పట్టింది. తరువాత యుద్ధకాలంలో 1941 నుంచి 1945 వరకు, మహమ్మారి వచ్చినప్పుడు 2020, 2021లో ఆగింది తప్ప, ఈ పరుగు నూరేళ్ళు దాటి నడుస్తున్నది.

దూరం దాదాపు 90 కిలోమీటర్లు. డర్బన్ నుంచి పైకి వెళితే ‘ఎక్కుడు పరుగు’, అక్కడినుంచి కిందికి వస్తే ‘దిగుడు పరుగు’. ఎక్కుడు పరుగులో సముద్రం ఒడ్డున బయలుదేరి, ఉమ్లాస్ రోడ్ దగ్గర 800 మీటర్లకు పైగా ఎత్తుకు చేరుకోవాలి. మధ్యలో అయిదు పెద్ద కొండలు: కౌవీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోథాస్ హిల్, ఇంచాంగా, అన్నిటికన్న చివర పాలీ షార్ట్స్. కాళ్ళలో సత్తువ అయిపోయిన తరువాత ఆ చివరి కొండ వస్తుంది. అది దాదాపు రెండు కిలోమీటర్ల ఎక్కుడు.

ఈ దారి మనకు కొత్తది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ ఈ రేవుకు వచ్చింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది కూలి ఒప్పందం మీద ఈ దేశానికి వచ్చారు. వారిలో మన తాతలు, ముత్తాతలు వున్నారు. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కు రైలు 1880లో గాని పోలేదు. అంతకు ముందు లోపలి తోటలకు పంపబడినవారు ఈ కొండలమీదుగా నడిచో, ఎద్దుబండ్ల వెంటనో పోవలసిందే. వారికి దారిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

చప్పట్ల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. నా చిన్నతనంలో మనవాళ్ళు రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టవచ్చును, నీళ్ళు అందించవచ్చును. కాని నంబరు కట్టుకొని పరుగెత్తడానికి వీలు లేదు. అది తెల్లవారి మగవాళ్ళకు మాత్రమే. 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే స్త్రీ దరఖాస్తు పెడితే కాదన్నారు. ఆమె నంబరు లేకుండానే పరుగెత్తి గమ్యం చేరింది. 1935లో రాబర్ట్ ఎంచాలీ అనే నల్లజాతి మనిషి తొమ్మిదిన్నర గంటల్లో చేరాడు. ఆయన పేరు కూడా పట్టీలోకి ఎక్కలేదు. 1975లో, అనగా యాభయ్యవ పరుగునాడు, జాతి భేదం లేకుండా స్త్రీ పురుషులందరికీ తలుపు తెరిచారు. అప్పుడు నేను హైస్కూలు పిల్లవాణ్ణి. ఆ సంవత్సరం విన్సెంట్ రకబేలే పతకం తీసుకున్న మొదటి నల్లజాతి పరుగువీరుడయ్యాడు. 1989లో సామ్ చబలాలా మొత్తం పందెమే గెలిచాడు. ఇక ఎంచాలీ పేరిట ఒక పతకం ఇవ్వడం మొదలైనది 2019లో. ఎనభై నాలుగేళ్ళు పట్టింది. ఆలస్యమైనా, పేరు దక్కింది.

ఆ 2019 ఎక్కుడు పరుగుకే నేను, మా సాయంకాలపు తరగతివాళ్ళు ముగ్గురు కలిసి పేర్లు ఇచ్చాము. ఒకరు నర్సు, ఒకరు వకీలు, ఒకరు ఫ్యాక్టరీలో పనిచేసి విరమించిన పెద్దమనిషి. జనవరి నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకు బ్లూ లగూన్ దగ్గర కలుసుకొని సముద్రపు ఒడ్డున పరుగెత్తేవాళ్ళం. శనివారాలు కొండలు. ముందుగా కనీసం 42 కిలోమీటర్ల పరుగును నియమిత కాలంలో ముగించినవారికే కామ్రేడ్స్‌లో ప్రవేశం. నలుగురం ముగించాము.

ఈ పరుగులో ‘బస్సు’ అనే ఏర్పాటు వుంది. చక్రాల బస్సు కాదు. అనుభవం గల ఒక మనిషి జెండా పట్టుకొని ఒకే వేగంతో పోతాడు. అతణ్ణి డ్రైవరు అంటారు. వెనుక యాభైమందో, వందమందో గుంపుగా పోతారు. పాడమంటే పాడాలి, నడవమంటే నడవాలి. లెక్క చూడండి: పన్నెండు గంటలు అనగా 720 నిమిషాలు. ఆ సంవత్సరం దూరం సుమారు 87 కిలోమీటర్లు. కిలోమీటరుకు సుమారు ఎనిమిది నిమిషాల పదిహేడు సెకన్లు. పొద్దున్న వుత్సాహంలో దానికన్న వేగంగా పోయినవాడు సాయంకాలం బాకీ తీర్చుకోవలసి వస్తుంది. డ్రైవరు పని వేగంగా పోవడం కాదు, మనల్ని తొందరపడనివ్వకపోవడం.

మేము ఇద్దరిద్దరుగా జతలు కట్టాము. నా జత ఆ నర్సు అమ్మాయి, నా పాత శిష్యురాలు. మాకు బస్సు డ్రైవరు లేడు, దీపస్తంభాలే డ్రైవరు. ఎనిమిది స్తంభాలు పరుగు, రెండు స్తంభాలు నడక. తెలుగులో లెక్కపెట్టాలని నియమం. దారిలో ఇంకా ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో చూపే పలకలు వుంటాయి. ఆ అంకెలు కూడా తెలుగులోనే చదవాలి. తరగతిలో రెండేళ్ళుగా ‘ఇరవై’ దాటనివాళ్ళు రోడ్డు మీద ఎనభైలోకి వెళ్ళారు. అరవై, డెబ్బై, ఎనభై వరుస తప్పకుండా రావాలంటే వెనక్కి లెక్కపెట్టడం మంచి మందు అని నాకు అప్పుడు తెలిసింది.

జూన్ 9వ తేదీ తెల్లవారుజామున అయిదున్నరకు సిటీ హాలు ముందు బయలుదేరాము. ముందు జాతీయగీతం, తరువాత ‘షోషొలోజా’ పాట, ఆ తరువాత కోడికూత, చివరకు తుపాకి. డ్రమండ్‌కు కొంచెం ముందు ఆర్థర్స్ సీట్ అనే చోటు వుంది. అయిదుసార్లు గెలిచిన ఆర్థర్ న్యూటన్ పేరిట వున్న రాతి పీఠం అది. అక్కడ పువ్వు పెట్టి నమస్కారం చెప్పి పోవడం ఆచారం. మా అమ్మాయి రెండు చేతులూ జోడించింది. ఇంచాంగాలో ఎథెంబెని పాఠశాల పిల్లలు చక్రాల కుర్చీలలో రోడ్డు పక్కకు వచ్చి చేతులు చాపారు. వాళ్ళ చేతులు తాకకుండా ఎవరూ పోరు. దారి పొడుగునా నీళ్ళ పొట్లాలు, ఉప్పు చల్లిన వుడకబెట్టిన బంగాళాదుంపలు. ఆ దుంపల రుచి ఏ పెళ్ళి భోజనంలోనూ నేను ఎరుగను.

ఉమ్లాస్ రోడ్ దాటాక నా తొడలు పట్టేశాయి. పాలీ షార్ట్స్ సమీపంలో ‘పది’ అని పలక కనబడేసరికి మాకు తొంభై నిమిషాలు మిగిలాయి. కిలోమీటరుకు తొమ్మిది నిమిషాలు. ఆ అమ్మాయి పోగలదు. నేను పోలేను. ఇద్దరికీ లెక్క వచ్చు కదా, ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు.

“నువ్వు వెళ్ళమ్మా” అన్నాను.

“కలిసి బయలుదేరాం కదా మాస్టారూ” అన్నది.

“బ్లూ లగూన్‌లో ఏమనుకున్నాం? ఒకరు ఆగితే రెండోవారు ఆగకూడదు.”

ఆమె మరొక స్తంభం దాకా నాతో నడిచింది. తరువాత వెళ్ళింది. కొండమీద ఆమె గొంతు చాలాసేపు వినబడింది. ఒకటి, రెండు, మూడు. తనకోసం అంత గట్టిగా లెక్కపెట్టనక్కరలేదు.

ఆమె నాలుగు నిమిషాలు మిగిలివుండగా గమ్యం చేరింది. మిగతా ఇద్దరు అంతకు ముందే చేరారు. పన్నెండు గంటలు పూర్తి కాగానే ఒక అధికారి వచ్చేవారికి వీపు తిప్పి నిలబడి తుపాకి పేలుస్తాడు. ముఖం చూస్తే చేయి రాదేమో! నాకు అప్పటికి ఒక కిలోమీటరుకు పైగా మిగిలివుంది. కొంతసేపటికి ఆ అమ్మాయి రోడ్డు మీదికి ఎదురువచ్చింది. పతకం మెడలో లేదు, జేబులో వుంది. “వేసుకో అమ్మా, అది దాచుకొనేది కాదు” అన్నాను. వేసుకుంది. మిగిలిన దూరం ఇద్దరం నడిచాము. నా పేరు ఆనాటి పట్టీలో లేదు. తరువాత మోకాలు ఒప్పుకోలేదు. ఇప్పుడు పరుగునాడు మా తరగతి పిల్లలతో రోడ్డు పక్కన నీళ్ళు అందిస్తున్నాను.

సోదరీ సోదరులారా, ఓదార్పుకోసం ఇది చెప్పలేదు. తోడు అంటే ఏమిటో ఆ రోడ్డు మీద నేర్చుకున్నాను కనుక చెబుతున్నాను. తోడుగా పరుగెత్తేవాడు ఒక్క అడుగు ముందు వుండాలి. వంద అడుగులు ముందుంటే కనబడడు. కనబడనివాడు తోడు కాడు.

మన ఇళ్ళలో తెలుగు సంగతి కూడా ఇంతే. మా అవ్వకు తెలుగు తప్ప మరో భాష రాదు. మా నాన్నకు అర్థమయ్యేది, మాట్లాడేవాడు కాదు. నేను నలభై ఏళ్ళు దాటాక పలక పట్టాను. ఇప్పుడు అయిదో తరం పిల్లలు వస్తున్నారు. ఒక పిల్లవాడు ‘అవ్వ వచ్చాడు’ అంటాడు. వెనక బెంచీలో పెద్దలు నవ్వుతారు. ఆ పిల్లవాడు మరునాడు రాడు. ఈ సభలో నేను గట్టిగా చెప్పదలచినది ఇదే: నవ్వవద్దు. “అవ్వ వచ్చింది” అని మీరు పక్కన నిలబడి అనండి, చాలు. వాడు తానే అందుకుంటాడు.

ఇంకొక మాట. మనకు రానంత తెలుగు మన పిల్లలకు వస్తే, మన దగ్గర ఆగమని వారిని అడగవద్దు. పోనివ్వండి. మన పని ఆ కొండ పాదం దాకా తీసుకురావడమే.

పరుగునాడు తెల్లవారుజామున మా నీళ్ళ బల్ల దగ్గరికి పిల్లలను తీసుకురండి. పరుగెత్తేవారికి పొట్లాలు అందిస్తూ తెలుగులో లెక్కపెడదాం. నూరు దాటేదాకా ఎవరినీ ఇంటికి పంపను.