చక్షువు – సూర్యుడు – మన కర్తవ్యము



మాధ్యాహ్నికములో సూర్యమండలమును దర్శించుచు మనము నూరు శరత్తులపాటు ఏమి కావలెనని అడుగుచున్నామో ఎప్పుడైనా గమనించినారా? చూడవలెనని, జీవించవలెనని, ఆనందించవలెనని, వినవలెనని, పలుకవలెనని. జీవించుటకంటె ముందు చూచుటను అడిగినారు మన ఋషులు. విరాట్పురుషుని నేత్రమునుండి సూర్యుడు పుట్టినాడని పురుషసూక్తము చెప్పుచున్నది. కావున చూపు అన్నది మనకు సామాన్యమైన వస్తువు కాదు.

అట్టి చూపు నొప్పి లేక, మంట లేక, ఎరుపు లేక, ఒక్క క్షణములో పోవచ్చును. గడచిన మాఘమాసములో నా ఎడమకన్ను అట్లే పోయినది. తెల్లవారుజామున పారాయణ చేయుచుండగా దీపము సగము కనబడలేదు. చమురు తక్కువైనదేమో అనుకొని కుడికన్ను మూసి చూచితిని. దీపమే లేదు! మా కోడలు క్షణము ఆలస్యము చేయక 108కు ఫోను చేసినది. గంటలోపలనే వైద్యులు చూచినారు. అయినను ఆ కన్ను తిరిగి రాలేదు. ఈ వయసులో నాకు కలిగినది మీలో మరొకరికి కలుగవచ్చును గనుక, నేడు ప్రహ్లాద చరిత్రను పక్కనబెట్టి ఈ మాట చెప్పుచున్నాను.

వైద్యులు నాకు వివరించినది మీకు తెలిసిన కథతోనే చెప్పెదను. బలిచక్రవర్తి దానధార విడువబోగా శుక్రాచార్యులు సూక్ష్మరూపముతో పాత్ర రంధ్రమునకు అడ్డు నిలిచినారు. ధార ఆగినది. వామనుడు దర్భతో పొడిచినాడు, శుక్రుని కన్ను పోయినది. మన కంటి వెనుక రెటీనా అను సున్నితమైన పొర ఉన్నది. దానికి రక్తము నిచ్చు ముఖ్యనాళము ఒక్కటే, వెండ్రుకవంటిది. మెడలోని పెద్ద నాళము గోడనుండి ఊడిన కొవ్వు ముక్కయో, గుండెలో కట్టిన రక్తపు గడ్డయో కొట్టుకొనివచ్చి అందులో చిక్కుకొన్నచో ధార ఆగిపోవును. ఉక్కు కర్మాగారములో పనిచేయువారు మీలో చాలమంది ఉన్నారు, గొట్టము పూడిన ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే ఇచ్చట అడ్డు తొలగించుటకు వామనుని దర్భవంటి సాధనము వైద్యులకు ఇంకను నిశ్చయముగా చిక్కలేదు. కొన్ని గంటలు గడచినచో ఆ పొర శాశ్వతముగా చెడును. 1859లోనే జర్మనీ దేశపు నేత్రవైద్యుడు ఫాన్ గ్రేఫే ఈ వ్యాధిని వర్ణించినాడు. ఇన్నేండ్ల తరువాత కూడ చికిత్స కష్టసాధ్యమే.

అట్లయిన పరుగెత్తుట ఎందుకు అందురా? అదియే ముఖ్యము. రెటీనా మెదడులో భాగమువంటిది. కంటిలో జరిగినది పక్షవాతమునకు సోదరుడు. ఈ దినము కంటికి పోయిన ముక్క, రేపో ఎల్లుండో మెదడునకు పోవచ్చును. అందుచేత కళ్ళజోళ్ళ దుకాణమునకు కాదు, మెదడు పోటుకు చికిత్స చేయు పెద్ద ఆసుపత్రికి పోవలెను. మెడ నాళములు, గుండె, రక్తపోటు, చక్కెర, కొవ్వు అన్నియు పరీక్షింపవలెను. కొందరికి కంటికి తెర దిగినట్లై, కొన్ని నిమిషములలో తిరిగి తేటపడును. తగ్గిపోయినదిలే అని ఊరకుందురు. ఊరకుండరాదు, అది హెచ్చరిక. పెద్ద వయసువారికి కణతల నొప్పి, నమలునపుడు దవడనొప్పి ఉండి చూపు పోయినచో రక్తనాళముల వాపు కావచ్చును. మనవారిలో అరుదేగాని, వెంటనే మందు పడకున్న రెండవ కన్ను కూడ పోవును.

చాక్షుషోపనిషత్తు పఠించమని, ఆదిత్యహృదయము చదువమని నాకు చాలమంది చెప్పినారు. చదువుచున్నాను, చదువుడు. కాని వాహనములో కూర్చుండి చదువుడు. గంట దాటిన తరువాత వచ్చి మంత్రము ఫలించలేదనుట మంత్రమునకు అపవాదు. మన ఉత్తరాంధ్ర పల్లెలలో అడ్డచుట్ట కాల్చు అమ్మలకును, మా పండితులలో ముక్కుపొడి విడువలేని వారికిని వేరుగా చెప్పవలసినది ఉన్నది. పొగాకు రక్తనాళములకు శత్రువు. దానికి ఏ శాస్త్రమును అడ్డుపెట్టుకొనవద్దు.

ఇక “ఏ జన్మలో ఏమి చేసినాడో” అను మాట. పరామర్శకు వచ్చినవారే నా ఎదుట అనినారు. కర్మసిద్ధాంతము నా జీవితమును నేను దిద్దుకొనుటకు ఋషులు ఇచ్చినది. పొరుగువాని దుఃఖమును తూచుటకు ఇచ్చిన త్రాసు కాదు. ఇట్టి మాటలు విని కన్ను పోయినవాడు గదిలో తలుపు వేసుకొని కూర్చుండును. ఇంటివారు శుభకార్యములకు పిలువరు. అది కన్ను పోవుటకంటె పెద్ద నష్టము.

ఒంటికన్నుతో బ్రతుకుట నేర్చుకొనవలసిన విద్యయే. దూరము తెలియదు. తొలిదినములలో ఉద్ధరిణితో తీర్థమిచ్చిన, భక్తుని అరచేతిలో పడక పక్కన పడినది. ఇప్పుడు ఎడమచేతి వ్రేలితో భక్తుని చేతి అంచును తాకి పోయుచున్నాను. వత్తి వెలిగించునపుడు ప్రమిద అంచును ముందు పట్టుకొందును. మెట్లు దిగునపుడు కాలితో తడిమి దిగుదును. గాజువాక కూడలిలో లారీలు పోయిన కంటివైపునుండి వచ్చును గనుక తలను పూర్తిగా త్రిప్పి చూతును, లేదా మనుమని భుజము పట్టుకొందును. కొన్ని నెలలకు మెదడు చాలవరకు సర్దుకొనును. మిగిలిన కంటిని మాత్రము ప్రాణముగా కాచుకొనవలెను.

చదువు విషయములో నాకు లోటు రాలేదు. కారణము సులభము. మాకు పాఠశాలలో పుస్తకము చేతికి ఇయ్యలేదు. గురువుగారు చెప్పగా విని, సంహిత, పదము, క్రమము, జట, ఘనము ఇట్లు తిరుగవేసి నోట నిలుపుకొన్నాము. శ్రుతి యనగా వినబడినది. మన విశాఖలో పెరిగి, విజయనగరము సంగీత కళాశాలకు 1936లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామి నాయుడుగారికి చూపు మందము. వారి వాయులీనము విన్నవారు ఆ సంగతి తలచుకొన్నారా? 1957లో పద్మశ్రీ వచ్చినది వారి చెవికి, చేతికి.

ఈ వైశాఖములో అక్షయతృతీయనాడు సింహాచలము పోయితిని. చందనము తొలగిన స్వామి నిజరూపము సంవత్సరమునకు ఆ ఒక్కదినమే. వరుసలో గంటల తరబడి నిలువబడి ముందుకు వచ్చినప్పుడు కుడికంటితోనే దర్శించితిని. పక్కనున్న ఒక వృద్ధురాలికి రెండు కళ్ళును కనబడవట. కూతురిని అడుగుచున్నది: “స్వామి ఎట్లున్నాడే, చెప్పు.” కూతురు చెప్పుచున్నది, ఆమె నమస్కరించుచున్నది. నేనును ఆ బిడ్డ మాటలు విన్నాను.

స్వస్తి.