బొమ్మసేనల పోటీలు – మారెడు నియమములు

మన చదరంగమునం దిరువురకును బలములు సమానము. బొమ్మసేనల యుద్ధక్రీడయందు అట్లు కాదు. బల్లచెంతకు రాకమునుపే ఆటగాడు తన సేనను తానే కూర్చుకొనవలెను. వ్యూహ మచ్చటనే ఆరంభమగును.

ఎచ్. జి. వెల్సు 1913లో ఇట్టి క్రీడకు నియమములు వ్రాసి ప్రకటించెను. 1987లో ఇంగ్లండున వెలువడిన ‘వార్‌హ్యామర్ 40,000’ నేడు పెక్కు దేశములలో పోటీలకు ఆధారమై యున్నది. ఇందు ప్రతి దళమునకును పాయింట్ల విలువ కలదు. పెద్ద పోటీలలో తరచుగా ఒక్కొక్క సేనకు 2,000 పాయింట్లు. విలువకు మించి పనిచేయు దళ మొకటి కనబడెనా, దానినే పదేపదే నిలుపుట లాభము. పలువు రట్లే చేసిరి.

2018 ఏప్రిలులో ప్రచురణకర్తలు, 2,000 పాయింట్ల పోటీలలో సామాన్య దళములును, వాని వాహనములును తప్ప, ఒకే విధమైన దళములు మూడింటికి మించరాదని సూచించిరి. దానితో ఒకదాని లోపమును వేరొకటి తీర్చు మిశ్రసేన అవసరమయ్యెను. మరుగున నుంచిన దళములు మొదటి వంతులోనే శత్రువుచెంత దిగరాదనియు అప్పుడే ప్రతిపాదించిరి. తొలిదెబ్బతోనే ఆట ముగించు ఎత్తు సన్నగిల్లెను. ఎదిరికి ఆలోచించు వ్యవధి దక్కెను.

అయినను నష్టపడువారు లేకపోలేదు. నెలలతరబడి రంగులద్దిన సేన ఒక్క ప్రకటనతో అక్కరకు రాకపోవచ్చును. కావున మార్పును తగిన గడువిచ్చి తెలుపుట న్యాయము. ఆటగాడును ఒక్క కిటుకును నమ్ముకొనక, ఆట మర్మమును గ్రహింపవలెను. నియమము మారినను ఆ నేర్పు చెడదు.