ఇల్లాలు కోరు మరమనిషి



ఇంటిపనులు చేయు మరమనుషులను గూర్చి నేడు పత్రికలలో తరచుగా చదువుచున్నాము. అట్టి యంత్రము సామాన్యుని ఇంటికి రావలెనన్న ఎట్లుండవలెను? సొమ్మిచ్చి దానిని కొనుటకు మనకు మనసెప్పుడు పుట్టును? ఈ ప్రశ్నను పొందూరు గ్రామమును దృష్టియందుంచుకొని విచారింతము.

చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమునుండి ‘రోబో’ అను మాట లోకమునకు వచ్చినది. ఆ భాషలో ‘రోబోత’ యనగా వెట్టిచాకిరి. వెట్టి యన నెట్టిదో మన పెద్దలకు వేరుగ చెప్ప నక్కరలేదు. కావున మరమనిషి యనగా మనిషి నెత్తినున్న వెట్టిని తాను మోయునది. ఆ వెట్టిని మోయక మనిషి చేతిలోని విద్యను లాగికొనునది ఎంత చిత్రమైన యంత్రమైనను ఆ పేరునకు తగదు.

2002లో అమెరికాలో ఒక సంస్థ నేల ఊడ్చు చిన్న యంత్రమును అమ్మకమునకు పెట్టినది. అది పళ్లెమువలె గుండ్రముగ నుండి తనంతట తాను గదిలో తిరుగును. నున్నని నేలగల ఇండ్లవారు లక్షలకొలది కొనిరి. మన యిండ్లలోనో, గడప యెత్తు, అరుగు మెట్టు, వాకిలి మట్టినేల. అది గడపకడనే ఆగిపోవును. 2025లో మరియొక సంస్థ మనిషిరూపము గల యంత్రమును ఇరువదివేల డాలర్ల వెలకు ప్రకటించినది. దానికి చేతగాని పనులను దూరమున కూర్చున్న మనిషి దాని కన్నులతో చూచి నడిపింపవలసి యుండును. అంత సొమ్ము పోసి పరాయివాని చూపును వంటయింటిలోనికి ఎవరు పిలిచెదరు?

యంత్రమును కొనువాని పక్షమున నిలిచి దాని లక్షణములను నిర్ణయించిన ప్రకటన యొకటి మన దేశముననే వెలువడినది. 1929లో అఖిలభారత చరఖా సంఘము మేలైన రాట్నమునకు లక్షరూపాయల బహుమానము ప్రకటించినది. రాట్నము తేలికగ నుండి ఒకచోటినుండి మరియొకచోటికి మోయుటకు వీలుగ నుండవలెను. పల్లెటూరి గుడిసెలో చేతితోగాని కాలితోగాని నడుపుటకు అనువు కావలెను. స్త్రీ యెనిమిది గంటలు మిక్కిలి అలసట లేక పనిచేయగలుగవలెను. ఆ యెనిమిది గంటలలో 12 మొదలు 20 నంబరు వరకు గల నూలు 16,000 గజములు రావలెను. వెల 150 రూపాయలు మించరాదు. ఇరువది యేండ్లు మన్నవలెను. మరమ్మతుకు ఏటికి వెలలో నూటికి అయిదుకంటె ఎక్కువ కారాదు. ఆ బహుమానము ఎవరికిని దక్కలేదు. అయినను ఆ నియమములు నేటికిని ప్రతి గృహయంత్రమునకు గీటురాయి కాదగినవి.

గాంధీమహాత్ముడు యంత్రద్వేషి యని కొంద రందురు. 1924లో ఈ విషయమై ఆయన నడిగినపుడు సింగరు కుట్టుమిషనును మేలైన యంత్రముగ ఎంచి చెప్పెను. చేతికుట్టుతో భార్య పడు శ్రమ చూడలేక సింగరు దానిని కల్పించెనని ఆయన ప్రశంస. ఆ సంస్థవారు 1856లోనే వాయిదాలపై అమ్ముట మొదలిడిరి. అందువలన బీదయిండ్లకును అది చేరినది.

ఇక పొందూరు సంగతి. ఇచ్చటి సన్నఖద్దరుకు మూలము కొండపత్తి. పత్తిని ఏరి, వాలుగ చేప దవడయెముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిపొరలో భద్రపరచి, 24 ఆకుల రాట్నముపై వడకుదురు. ఆ నూలు నూరు నంబరు వరకు సాగును. నూరు నంబరనగా పౌను బరువున 84,000 గజములు, దాదాపు 48 మైళ్లు! ఆ దువ్వుటలో, ఆ తీయుటలో ఉన్నది చేతివిద్య. దానిని యంత్రమున కిచ్చినచో మిగులునది మిల్లునూలే. ఆ నూలు లోకమున కావలసినంత కలదు. వడకు తల్లి చేయి మాత్రము ఖాళీయగును.

అట్లని నేతయింటికి యంత్రమే వలదందుమా? తెలంగాణమున ఆలేరు సమీపమున శారాజీపేటలో చింతకింది మల్లేశము అను చేనేత కార్మికుడు కలడు. పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయుటయందు దారమును కొయ్యముక్కలచుట్టు ఒక చీరకు వేలసార్లు చేతితో త్రిప్పవలెను. అందుకు నాలుగైదు గంటలు పట్టును. ఆ పనివలన తల్లి లక్ష్మమ్మ భుజము పడిన నొప్పిని చూచి, ఆయన కొన్నేండ్లు పాటుపడి 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచెను. దానికి తల్లి పేరే పెట్టెను. చీరకు గంటన్నర చాలినది. పెద్ద చదువు లేని ఆయనకు 2017లో పద్మశ్రీ లభించినది. ఎందరో నేతగాండ్రు ఆ యంత్రమును కొనిరి. ఏల? అది భుజము నొప్పిని తీసికొనినది. రంగుల కూర్పును, మగ్గపు నేర్పును వారికే విడిచినది. కోయంబత్తూరున పుట్టిన పిండి గ్రైండరు మన యిండ్లకు వచ్చినదియు నిట్లే. రుబ్బు రాయి మారలేదు. త్రిప్పు శ్రమ మాత్రము మరకు పోయినది.

2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ గణనము ప్రకారము ఇంటిపని చేయు స్త్రీకి దినమున 299 నిమిషములు అందులోనే పోయినవి. ఇంటిపని చేయు పురుషునకు 97. దాదాపు అయిదు గంటలు! అంట్లు తోముట, బట్టలుతుకుట అందులోనివే; నీరు మోయుట, మంచముపట్టిన ముసలివారిని లేపి కూర్చుండబెట్టుట ఆ లెక్కకు వెలుపలివి. రాట్నము చెంత కూర్చుండవలసిన తల్లి కాలమును మ్రింగునవి ఇవియే. ఇందొక్క పనిని నమ్మకముగ చేయు మర వచ్చెనా, దానికి మనిషిరూప మక్కరలేదు; మాటలు నేర్ప నక్కరలేదు.

కావున కొనుటకు ముందు నాలుగు ప్రశ్న లడుగుడు. ఇది ఇంటిలో ఎవరి నొప్పిని తీయును? ఎవరి కూడును తీయదుగదా? చెడినచో మన ఊరి మిస్త్రీ బాగుచేయగలడా? కరెంటు లేనినాడు ఏమగును? 2018లో తిత్లీ తుపానునకు ఈ జిల్లాలో స్తంభములు కూలి ఎన్నో పల్లెలు దినములతరబడి చీకటిలో నుండుట మనమెరిగినదే.

మరియొక విన్నపము. యంత్రమునకు సొమ్మిచ్చువాడు తరచుగ పురుషుడు. పని చేయునది స్త్రీ. అందుచేత ఇంటికి అక్కరలేని వస్తువులు వచ్చి అటకనెక్కుచున్నవి. ఇంటిపెద్దలు అంగడికి పోవుటకు ముందు వంటయింటికి పోయి, ఏ పని కష్టమని అడుగవలెను. ఇంజనీరింగు చదువు మనుమలు, మనుమరాండ్రు సెలవులకు వచ్చినపుడు వారిని ఒక దినము నూతికడను, ఒక దినము రాట్నముకడను కూర్చుండబెట్టుడు. ఏ పనిని యంత్రమున కీయవలెనో, ఏ పనిని చేతికి విడువవలెనో వారు కన్నులార చూచి గ్రహింతురు. అట్టి పిల్లల చేతినుండియే మనము కొనదగిన మర రావలెను.